తోకలో ఒక్క కిలో: మా రెండు సీట్ల విమానం తూకం డైరీ

జనవరి 11 (పని గంటలు: 1,846)

మేమే కట్టుకుంటున్న విమానానికి వేసిన రంగు ఆరింది. సీట్ల కుషన్లు, బెల్టులు, చక్రాల మీది తొడుగులు (ఫెయిరింగులు), ఇంజిన్ మీది మూత (కౌలింగ్), ప్రొపెల్లర్ మధ్యలో ఉండే టోపీ (స్పిన్నర్) అన్నీ ఎక్కించేశాం. ఇక విమానంలోకి కొత్తగా చేరాల్సిన వస్తువంటూ ఏదీ మిగల్లేదు. తూకం వేయడానికి ఇదే సరైన సమయం. రంగు వేయకముందే తూచేసి, తర్వాత లెక్కలో రంగు బరువు కలుపుకుందాంలే అనుకునేవాళ్ళు ఉన్నారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. రంగు అన్నిచోట్లా ఒకేలా పడదు. తోక మీద ఒక పూత ఎక్కువ పడిందనుకోండి, ఆ తేడా ఎంతన్నది ఏ అంచనాకీ అందదు. పైగా తేడా ఎక్కువ దెబ్బతీసేది తోక దగ్గరే.

విమానం కొలతలు మళ్ళీ ఒకసారి రాసిపెట్టుకుంటున్నాను, రాబోయే లెక్కలన్నీ వీటి మీదే కాబట్టి. పక్కపక్కన రెండు సీట్లు, పూర్తిగా అల్యూమినియం, వెనక చిన్న తోక చక్రం. రెక్క వెడల్పు మొదలు నుంచి చివరి వరకు ఒకటే, 1,400 మి.మీ. గరిష్ఠ బరువు 600 కిలోలు. దూరాలన్నీ కొలవడానికి డిజైనర్ పెట్టిన మొదటి గీత, అంటే డేటమ్, రెక్క ముందంచుకి 1,500 మి.మీ. ముందు గాలిలో ఉంది. అక్కడ వస్తువేమీ ఉండదు, అది లెక్క కోసం అనుకున్న గీత. దాన్ని అంత ముందుకి పెట్టడం వల్ల ప్రొపెల్లర్ నుంచి తోక దాకా దూరాలన్నీ ధనసంఖ్యల్లోనే వస్తాయి. మైనస్ గుర్తు మర్చిపోయి లెక్క తప్పే ప్రమాదం ఉండదు.

విమానాన్ని ఏ ఒక్క బిందువు దగ్గర ఆధారం ఇచ్చి నిలబెడితే ఎటూ ఒరగకుండా ఉంటుందో అది గరిమనాభి. ఇంగ్లీషులో సెంటర్ ఆఫ్ గ్రావిటీ, మేమంతా నోటితో సి.జి. అనే అంటాం. మా డిజైన్‌లో సి.జి. డేటమ్ నుంచి 1,710 మి.మీ.కి ముందుకి పోకూడదు, 1,890కి వెనక్కి పోకూడదు. మధ్యలో ఉన్నది 180 మి.మీ. జానెడు కూడా కాదు. ఇద్దరు మనుషులు ఎక్కినా, ఒక్కరే ఎక్కినా, ట్యాంకులు నిండుగా ఉన్నా, ఖాళీ అయినా ఆ జానెడులోపే నిలబడాలి.

మొదటి రోజు నుంచి ప్రతి భాగాన్నీ బిగించే ముందు తూచి నోట్‌బుక్‌లో రాస్తూ వచ్చాను. ఆ మొత్తం 343 కిలోలు తేలింది. నిజం ఎంతో వచ్చే వారం తెలుస్తుంది.

జనవరి 18 (1,853)

రోజంతా తూకానికి ముందు పనులతోనే సరిపోయింది.

రేసు కార్ల నాలుగు చక్రాల బరువు చూసుకునే పలక త్రాసులు రెండు అరువు తెచ్చాను. ముఖ్య చక్రాలకి అవి. తోకకి మాత్రం వేరే చిన్న త్రాసు, 50 కిలోల వరకు తూచేది, 0.1 కిలో తేడా చూపించేది. తోక మీద పడేది పది కిలోల చుట్టుపక్కలే. దాన్ని పెద్ద త్రాసు మీద పెడితే అర కిలో అటో ఇటో అయినా తెలియదు. మూడింటినీ ముందు తెలిసిన బరువులతో పరీక్షించాం. పెద్ద త్రాసులు రెండింటి మీదా ఒకే బరువుని మార్చి మార్చి పెట్టి చూశాను. 170 కిలోల దగ్గర ఒకదానికొకటి 0.2 తేడా వచ్చింది. ఫరవాలేదు.

ట్యాంకుల్లో ఇంధనం మొత్తం డ్రెయిన్ చేశాం, అదీ విమానాన్ని ఎగిరే భంగిమలో నిలబెట్టి. తర్వాత ఒక్కో ట్యాంకులో 1.5 లీటర్లు తిరిగి పోశాం. ఆ కాస్త ఇంధనం ఎప్పుడూ అడుగునే ఉండిపోతుంది, ఇంజిన్‌కి అందదు. అందుకే దాన్ని ఖాళీ బరువులోనే కలుపుతారు. ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ నిండుగా ఉన్నాయి. సీటు కింద రెంచి, వెనకాల గుడ్డ, బ్యాగుల చోట టార్చిలైటు దొరికాయి. తీసేశాం.

ముఖ్య చక్రాల కాళ్ళు స్ప్రింగు స్టీలువి. జాకీ మీద నుంచి దింపేటప్పుడు అవి పక్కలకి విచ్చుకుంటాయి. టైరు త్రాసుని పట్టేసి ఆ విచ్చుకోవడాన్ని ఆపితే త్రాసు మీద పక్కకి తోపు పడుతుంది, అంకె తప్పుతుంది. అందుకని ఒక్కో త్రాసు మీద రెండేసి అల్యూమినియం రేకులు పెట్టి, మధ్యలో గ్రీజు రాశాం. చక్రం దిగగానే పై రేకు జారి సర్దుకుంటుంది. బ్రేకులు వదిలేసే ఉంచాం, కారణం అదే.

జనవరి 19 (1,859)

తూచాం. ఫలితం చూశాక కాసేపు మాట రాలేదు.

ముందు జరిగింది వరసగా రాస్తాను. హ్యాంగర్ తలుపులు మూసి, ఫ్యాన్లు ఆపేశాం. రెక్క అంటేనే గాలి తగిలితే పైకి లేచే వస్తువు. చిన్న గాలికి కూడా అంకెలు ఊగుతాయి. తోకని చెక్క స్టాండు మీదికి ఎత్తి, క్యానపీ (సీట్ల మీది అద్దపు మూత) కింద రెయిలు మీద రసమట్టం పెట్టి, బుడగ మధ్యకి వచ్చేదాకా స్టాండు కింద పలచటి చెక్కలు దూర్చాం. అడ్డంగా కూడా మట్టం చూశాం. ఎడమ టైరులో కొంచెం గాలి తగ్గిస్తే సరిపోయింది.

తోకచక్రం ఉన్న విమానాన్ని ఇలా లెవెల్ చేయకుండా తూస్తే ఏమవుతుందో చూద్దామని తోకని ఎత్తకముందే ఒకసారి చిన్న త్రాసు మీద పెట్టాను. 18 కిలోలు దాటింది. తోక నేల మీద ఉన్నప్పుడు ముక్కు పైకి లేచి ఉంటుంది. విమానం బరువంతా చక్రాల ఇరుసు కన్నా ఎత్తులో ఉంది కాబట్టి ముక్కు లేచేకొద్దీ ఆ బరువు వెనక్కి వాలుతుంది. డేటమ్ నుంచి గీసిన దూరాలు లెవెల్‌లో ఉన్న విమానానివి. వాలి ఉన్న విమానం అంకెల్ని వాటితో గుణించకూడదు.

దూరాల్ని ప్లాను నుంచి తీసుకోలేదు. రెక్క ముందంచు నుంచి, చక్రాల ఇరుసుల నుంచి దారానికి గుండు కట్టి వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టి కొలిచాం. కుడి చక్రం 1,622 మి.మీ., ఎడమ 1,626, తోకచక్రం 5,860. ప్లానులో రెండు చక్రాలకీ 1,615 అని ఉంది. కాళ్ళు బిగించినప్పుడు వచ్చిన తేడా ఇది, నిజం ఇదే.

ఇక తూకం. కుడి 171.4, ఎడమ 169.2, తోక 14.8. మొత్తం 355.4 కిలోలు. ఒక్కో బరువుని దాని దూరంతో గుణిస్తే వచ్చేది మొమెంట్. మూడింటినీ కలిపి మొత్తం బరువుతో భాగించాను. సి.జి. 1,800 వచ్చింది. ఖాళీ విమానానికే 1,800! సీట్లూ, బ్యాగులూ అంతకన్నా వెనక ఉన్నాయి. మనిషి ఎక్కిన ప్రతిసారీ అది ఇంకా వెనక్కే పోతుంది. ఇద్దరు ఎక్కితే వెనక హద్దు దాటిపోవడం ఖాయం.

తమ్ముడు త్రాసుల దగ్గర అంకెలు చదువుతున్నాడు. నా ముఖం చూసి, "అన్నయ్యా, మళ్ళీ తూద్దామా?" అన్నాడు. మళ్ళీ తూచాం. అవే అంకెలు. రాత్రంతా టెన్షన్.

జనవరి 20

పని చేయలేదు, ఫోన్‌లో మాట్లాడాను అంతే. ఇంతకుముందు రెండు విమానాలు కట్టిన పెద్దాయన ఒకరు నాకు మొదటి నుంచీ అండగా ఉన్నారు. అంకెలన్నీ చదివి వినిపించాను. ఆయన మొదట అడిగిన మాట: "స్టాండు బరువు తీశావా, బాబూ?"

తియ్యలేదు.

పెద్ద త్రాసుల్ని రేకులు పెట్టాక సున్నా చేశాను. తోక త్రాసుని సున్నా చేసి, తర్వాత దాని మీద స్టాండు పెట్టాను. హ్యాంగర్‌కి పరుగెత్తి స్టాండు, చెక్కలు కలిపి తూచాను. 4.6 కిలోలు. అంటే తోక మీద అసలు బరువు 10.2. సి.జి. 1,747. తోక చక్రం దగ్గర 4.6 కిలోలు సి.జి.ని 53 మి.మీ. వెనక్కి లాగింది!

ఈ సంగతి తలకెక్కించుకోవడం కోసం విడిగా లెక్క వేశాను. తోకచక్రం దగ్గర ఒక్క కిలో పెరిగితే మా విమానం సి.జి. సుమారు 12 మి.మీ. వెనక్కి జరుగుతుంది. ఉన్న జాగా 180. అదే కిలో సి.జి. దగ్గర పెరిగితే తేడానే లేదు. ఇదివరకు చుక్కాని కొసన లైటు పెట్టేటప్పుడు "పావు కిలోయే కదా" అనుకున్నాను. ఆ మాట ఇక అనను.

జనవరి 25 (1,866)

మొదటి నుంచి మళ్ళీ తూచాం. ఈసారి తోక త్రాసుని స్టాండు పెట్టాకే సున్నా చేశాను. దింపి, ఎత్తి, మూడుసార్లు చదివాం. కుడి 171.4, ఎడమ 169.2, తోక 10.2. మొత్తం 350.8 కిలోలు, సి.జి. 1,747. అంటే రెక్క ముందంచు నుంచి వెనక్కి, రెక్క వెడల్పులో 17.7 శాతం దగ్గర.

నోట్‌బుక్ మొత్తం 343. తేడా దాదాపు 8 కిలోలు. ఎక్కడ పోయిందా అని వెతికితే, రాయనివి చాలా తేలాయి: ట్యాంకుల సీలెంటు, వైర్లు, రివెట్లు, లోపలి ప్రైమర్, పైన రంగు. వేటికవి చిన్నవే. డిజైనర్ అనుకున్న ఖాళీ బరువు 340 కిలోలు. నేను 10.8 ఎక్కువ కట్టాను. అంత బరువు బ్యాగుల్లోంచో ఇంధనంలోంచో తగ్గాల్సిందే.

కుడి పక్క 2 కిలోలకి పైగా ఎక్కువుంది. రెక్కల్లో ఇంధనం సమంగా వాడుకుంటే అది లెక్కలోకి రాదు. పక్క బరువు గురించి ఆలోచిస్తే రైట్ సోదరుల 1903 విమానం గుర్తొస్తుంది. అందులో పైలట్ ఒక పక్క పడుకుంటే ఇంజిన్ మరో పక్క ఉండేది. పైలట్ కన్నా ఇంజిన్ బరువు ఎక్కువ. అందుకని ఇంజిన్ ఉన్న కుడి రెక్కని ఎడమదాని కన్నా 4 అంగుళాలు పొడవు చేశారు. మొట్టమొదటి విమానం కట్టినవాళ్ళే తూకాన్ని అంత శ్రద్ధగా చూశారు.

మధ్యాహ్నం చేసిన పని ఇంకా ముఖ్యమైంది. ప్లానులో సీటు దూరం 2,150 మి.మీ. అని రాసి ఉంది. కానీ నేను వీపు వెనక మందపాటి కుషన్ పెట్టించాను, సీటు వాలు కూడా కొంచెం మార్చాను. మనిషి బరువు అసలు ఎక్కడ పడుతోందో త్రాసునే అడగాలి. తోక స్టాండుకి పట్టీ బిగించి, తమ్ముడు తోక పట్టుకుని నిలబడ్డాక నేను మెల్లగా ఎక్కి కూర్చున్నాను, కాళ్ళు పెడల్స్ మీద పెట్టి, నడుపుతున్నట్టే. నా బరువు 82. తోక 10.2 నుంచి 21.0కి పెరిగింది. ఆ 10.8ని చక్రాలకీ తోకకీ మధ్య దూరంతో గుణించి, 82తో భాగించి, చక్రాల దూరం కలిపితే 2,182 వచ్చింది. 0.1 కిలో అటూ ఇటూ అయితే 5 మి.మీ. తేడా వస్తుంది కాబట్టి 2,180గా తీసుకున్నాను. ప్లాను కన్నా 30 మి.మీ. వెనక. ఇద్దరు కూర్చుంటే ఒక్క ఈ తేడా వల్లే సి.జి. దాదాపు 9 మి.మీ. వెనక్కి పోతుంది.

దిగాక 40 లీటర్ల ఇంధనం పోసి అదే విధంగా చూశాను. లీటరుకి 0.72 చొప్పున 28.8 కిలోలు. తోక 0.9 పెరిగింది. లెక్క వేస్తే ట్యాంకుల దూరం 1,756. ప్లానులో 1,750 ఉంది. అది నమ్మొచ్చు.

జనవరి 26

కాగితం, కాలిక్యులేటర్. ఈ రోజు లెక్కే మొత్తం కథని మార్చింది.

నేను 82, పక్కన కూర్చునే మనిషి 70 అనుకున్నాను. 80 లీటర్లతో ట్యాంకులు నిండుగా, అంటే 57.6 కిలోలు. బ్యాగులు 15 కిలోలు, వాటి దూరం 2,800. మొత్తం బరువు 575.4. 600 లోపే. సి.జి. 1,889. హద్దు 1,890. ఒక్క మిల్లీమీటరు లోపల! ఇరుకే కానీ లోపలే ఉంది కదా అని ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత అదే ప్రయాణం చివర ఎలా ఉంటుందో వేశాను. మనుషులు అక్కడే, బ్యాగులు అక్కడే, ట్యాంకుల్లో 10 లీటర్లు మిగిలాయి. బరువు 525.0. సి.జి. 1,903.

హద్దు దాటి 13 మి.మీ. బయట.

మా ట్యాంకులు రెక్క ముందు భాగంలో ఉన్నాయి. నిండు విమానం సి.జి.కి అవి ముందుంటాయి. ఇంధనం ఖర్చయ్యే కొద్దీ ముందు బరువు తగ్గిపోతుంది, సి.జి. మెల్లమెల్లగా వెనక్కి నడుస్తుంది. బయల్దేరినప్పుడు సరిగ్గా ఉన్న విమానం దిగేటప్పటికి హద్దు దాటిపోతుంది. అదీ నేలకి దగ్గరగా, తక్కువ వేగంలో ఉన్నప్పుడు. టేకాఫ్ లెక్క ఒక్కటి వేసుకుని ఆగిపోయి ఉంటే నాకిది తెలిసేదే కాదు.

వెనక హద్దు దాటితే ఏమవుతుందని తమ్ముడు అడిగాడు. అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నించాను. సి.జి. ముందున్నప్పుడు గాలి కుదుపుకి ముక్కు పైకి లేస్తే తోక దాన్ని తనంతట తానే దించుతుంది. సి.జి. వెనక్కి జరిగేకొద్దీ తోకకి ఆ బలం తగ్గుతుంది. స్టిక్, అంటే విమానాన్ని నడిపే కర్ర, తేలికైపోతుంది, వేలితో తాకినా ముక్కు లేస్తుంది. ఇంకా వెనక్కి పోతే లేచిన ముక్కు తిరిగి దిగదు, ఇంకా లేస్తుంది. అప్పుడు స్టాల్ అయి, అంటే రెక్కలకి పైకెత్తే బలం పోయి, స్పిన్‌లో పడితే, అంటే గిరగిరా తిరుగుతూ కిందికి పడిపోతుంటే, బయటికి తీసుకురావడం కష్టం, ఒక్కోసారి అసాధ్యం. మరీ ముందుకి పోయినా ఇబ్బందే. దిగేటప్పుడు స్టిక్ పూర్తిగా లాగినా ముక్కు లేవకపోవచ్చు, స్టాల్ వేగం కూడా పెరుగుతుంది. కానీ ఆ తప్పుని పైలట్ ముందే స్టిక్ బరువులో పసిగట్టగలడు. వెనక తప్పు అలా కాదు, మొదట్లో విమానం తేలిగ్గా, హాయిగా ఉన్నట్టే అనిపిస్తుంది.

ఫిబ్రవరి 1

పెద్దాయన వచ్చారు. ముగ్గురం విమానం చుట్టూ తిరిగాం.

మొదటి దారి, ముందు సీసం కట్టడం. ఇంజిన్ మౌంటు దగ్గర కడితే సుమారు 12 కిలోలు కావాలి. ఎగిరిన ప్రతిసారీ మోయాల్సిన చచ్చు బరువు అది. నాకు మనసొప్పలేదు. రెండో దారి, తోకచక్రాన్ని తేలికది పెట్టడం. దానివల్ల అర కిలో తగ్గొచ్చు, అంటే 6 మి.మీ. అదొక్కటే సరిపోదు. మూడోది బ్యాటరీ. సీట్ల వెనక 2,620 దగ్గర ఉంది, 6.5 కిలోలు. ప్లానులో దానికి రెండు చోట్లు చూపించారు, వెనకా, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య మంటని ఆపే గోడ) ముందూ. వేడి తగలకుండా ఉంటుందని నేను వెనక చోటు ఎంచుకున్నాను.

"ఉన్న బరువుని జరిపి చూడు. కొత్త బరువు ఆఖరి మాట," అన్నారు పెద్దాయన. 

ఫైర్‌వాల్ ముందు చోటు 1,100 దగ్గర. అంటే 6.5 కిలోలు 1,520 మి.మీ. ముందుకి నడుస్తాయి. పైగా వెనక నుంచి ముందు దాకా వేసిన లావుపాటి రాగి కేబుల్ ఇక అక్కర్లేదు. అది తీస్తే మరో 1.4 కిలోలు తగ్గుతాయి. కాగితం మీద ఖాళీ సి.జి. 1,718కి వస్తుంది. వేడి సంగతి ఒక్కటే మిగిలింది. దానికి ఒక చిన్న పెట్టె, బయటి గాలి తగిలేలా ఒక గొట్టం.

ఫిబ్రవరి 8 (1,884)

బ్యాటరీ పెట్టె, గాలి గొట్టం అయ్యాయి. పాత కేబుల్ బయటికి లాగి తూచాం, 1.4 కిలోలే. గొట్టానికి కన్నం వేసేటప్పుడు కౌలింగ్ రంగు కొంచెం లేచింది. తర్వాత చూసుకుంటాను.

ఫిబ్రవరి 9 (1,889)

తూకానికి నేరుగా సంబంధం లేనట్టు కనిపించే పని చేశాం. నాకు మాత్రం ఇది అందులో భాగమే. ఎలివేటర్, అంటే తోక మీద ఉండి ముక్కుని పైకీ కిందికీ తిప్పే పలక, ఎంత కదులుతోందో కొలిచాం. ప్లాను ప్రకారం పైకి 28 డిగ్రీలు, కిందికి 20. పైకి 28 వచ్చింది. కిందికి 17.5 దగ్గరే ఆగిపోయింది.

2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో బీచ్‌క్రాఫ్ట్ 1900డి రకం చిన్న ప్రయాణికుల విమానం ఒకటి టేకాఫ్ అవుతూనే ముక్కు బాగా పైకెత్తి, స్టాల్ అయి కూలిపోయింది. అందులో ఉన్న 21 మందీ చనిపోయారు. దర్యాప్తులో రెండు కారణాలు కలిసి తేలాయి. మరమ్మతులో ఎలివేటర్ కేబుల్ సర్దుబాటు తప్పు జరిగి, ముక్కుని దించే వైపు ఎలివేటర్‌కి సరిపడా కదలిక లేకుండా పోయింది. దానికి తోడు సి.జి. వెనక హద్దు దాటి ఉంది. ప్రయాణికులకి సగటు బరువులు వేసి లెక్క కట్టారు, అసలు మనుషులు అంతకన్నా బరువున్నారు. ఆ తర్వాతే అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్.ఏ.ఏ. ఆ సగటు బరువుల్ని పెంచింది.

సి.జి. వెనక ఉన్నప్పుడు పైలట్‌ని కాపాడేది ఆ కిందికి కదిలే ఎలివేటరే. నా విమానంలో అక్కడే 2.5 డిగ్రీలు తక్కువ. స్టాపర్ అంచుని ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీసి, ప్రతిసారీ కొలుస్తూ 20కి తెచ్చాం. స్టిక్ పూర్తిగా ముందుకి తోసినప్పుడు ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్‌కి తగలడం లేదు, అది కూడా చూశాం.

ఫిబ్రవరి 15 (1,895)

మూడో తూకం. తలుపులు మూసి, అన్నీ మళ్ళీ మొదటి నుంచి. స్టాండు పెట్టాక సున్నా చేశానా లేదా అన్నది తమ్ముడే ముందు అడిగాడు. కుడి 172.0, ఎడమ 170.3, తోక 7.7. మొత్తం సరిగ్గా 350.0 కిలోలు. పెట్టె, బోల్టులు, గొట్టం కలిపి 0.6 పెరిగింది, కేబుల్ 1.4 తగ్గింది. ఖాళీ సి.జి. 1,717. కాగితం మీద 1,718 అనుకున్నాం, పెట్టె బరువు ముందుంది కాబట్టి ఆ ఒక్క మిల్లీమీటరు కూడా లెక్కకి వస్తుంది. అంకెలు చూసి తమ్ముడు చప్పట్లు కొట్టాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

సాయంత్రం అదే ప్రయాణాన్ని మళ్ళీ లెక్కించాను. 82, 70 కిలోల ఇద్దరు, 15 కిలోల బ్యాగులు. నిండు ట్యాంకులతో బయల్దేరితే 1,871. 10 లీటర్లతో దిగితే 1,883. రెండూ లోపలే.

ముందు హద్దు కూడా చూడాలి, బ్యాటరీ అటే వెళ్ళింది కదా. 60 కిలోల మనిషి ఒక్కడే నిండు ట్యాంకులతో ఎక్కితే 1,780 దగ్గర వస్తోంది. హద్దు 1,710. అటువైపు కావలసినంత చోటుంది.

ఇక చెడ్డ పరిస్థితులన్నీ వెతికాను. ఇద్దరూ 85 కిలోల వాళ్ళయితే, ట్యాంకుల్లో వాడుకోగలిగే ఇంధనం చుక్క కూడా లేకపోతే ఎన్ని కిలోల బ్యాగులు పెట్టొచ్చు? 12.3. అదే నిండు ట్యాంకులతో బయల్దేరినప్పుడు 12 కిలోల బ్యాగులతో మొత్తం 589.6 కిలోలు అవుతుంది, 600 లోపే. బ్యాగుల చోటు పెద్దదే, 30 కిలోలు పట్టేంత ఉంది. అయినా అక్కడ అంటించే పలక మీద "12 కిలోలు మించరాదు" అనే రాయిస్తున్నాను. ఇద్దరూ సన్నగా ఉన్న రోజున 15 పెట్టుకోవచ్చని నాకు తెలుసు. కానీ ఆ లెక్క రేపు ఈ విమానంలో బ్యాగు పెట్టే వాళ్ళకి తెలియదు. పలక చూసి పెట్టేవాళ్ళకి అన్ని పరిస్థితుల్లోనూ సరిపడే అంకె ఒక్కటే ఉండాలి.

ఫిబ్రవరి 16 (1,898)

తూకం కాగితం శుభ్రంగా రాసి లాగ్‌బుక్‌లో పెట్టాను. తేదీ, ఒక్కో చక్రం దగ్గర బరువు, కొలిచిన దూరాలు, ఆయిల్, కూలెంట్, మిగిలిపోయే ఇంధనం ఎంత ఉందో, ఆ రోజు విమానంలో ఏమేం బిగించి ఉన్నాయో ఆ జాబితా. రేపు రేడియో మార్చినా, లైటు పెట్టినా ఈ జాబితా నుంచే మొదలుపెట్టి లెక్క సరిచేయాలి. జాబితా లేకపోతే మళ్ళీ త్రాసులు తేవాల్సిందే.

త్రాసులు తుడిచి తిరిగి ఇచ్చేశాను.

తొలి ప్రయాణానికి బరువులు నిర్ణయించాం. నేనొక్కడినే, బ్యాగులు లేవు, 40 లీటర్ల ఇంధనం. మొత్తం 460.8 కిలోలు. తర్వాతి ప్రయాణాల్లో పక్క సీట్లో ఇసుక సంచులు బెల్టుతో కదలకుండా కట్టి, ఒక్కోసారి కొంచెం కొంచెంగా సి.జి.ని వెనక్కి తీసుకెళ్ళి, ప్రతి మెట్టు దగ్గరా స్టిక్ ఎంత తేలికవుతోందో, ముక్కు తిరిగి వస్తోందో లేదో రాసుకుంటాను. నీళ్ళ డబ్బాలు వాడను, నీరు లోపల ఊగుతుంది.

తొలి ప్రయాణం సి.జి. మూడుసార్లు వేశాను, పెద్దాయన విడిగా వేశారు. ఇద్దరికీ ఒకటే వచ్చింది: 1,802. హద్దులు 1,710, 1,890. వాటి నడిమధ్య 1,800.